ఊరెళ్ళి వచ్చిన మర్నాడు కాటా ఎక్కకండి
(వార్షికోత్సవ మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

నేను షోలాపూర్ నుంచి వచ్చాను. డాక్టర్‌ను కాను, టీచర్‌ను కాను. మాది టవళ్ళు, చద్దర్లు అమ్ముకునే ఇల్లు. ఏడాదికి ఐదారుసార్లు మూటలు కట్టుకుని ఎగ్జిబిషన్లకు తిరుగుతాం. మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళకు, పేరంటాలకు తిరుగుతాం. మాట్లాడమని నాకు ఇచ్చిన విషయం ‘ప్రయాణాల్లో ఆరోగ్యం’. అది చాలా పెద్ద మాట. అందులో నాకు తెలిసిన ఒక్క ముక్కే పట్టుకుంటాను. ఊరెళితే ఒళ్ళు వస్తుందన్న భయం, దాని సంగతి.

ఎందుకంటే పొద్దున టిఫిన్ల లైన్లో నిలబడితే నా ముందు ముగ్గురు అదే మాట్లాడుకుంటున్నారు. ఒకామె భీవండి, ఒకామె కంచి, ఇంకొకామె ఏ ఊరో అడగలేదు. “ఈ రెండు రోజుల్లో రెండు కిలోలు ఖాయం వదినా” అంది ఒకామె. రెండో ఆమె ఇడ్లీ తీసుకుని వడ మానేసింది. మూడో ఆమె ఏమీ తీసుకోకుండా టీ మాత్రమే తీసుకుని పక్కకు పోయింది. ఆ మూడో ఆమె ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉంటుంది. అక్కా, ఈ మాటలు ముఖ్యంగా నీ కోసమే.

నా కథ చెప్తాను. ఐదేళ్ళ కిందటిది. సిరిసిల్లలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళి. అంతకు ముందు సంవత్సరం అదే ఇంట్లో తొట్టెల ఫంక్షన్‌కు పోతే, గుమ్మంలో చెప్పులు విప్పకముందే ఒకామె, మనిషి మంచిదే, “ఏం తింటున్నవే, గుర్తువట్టలేకపోయిన” అంది. నలుగురూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ మాట సంవత్సరమంతా నాతోనే ఉంది. చీర కట్టుకునేటప్పుడల్లా వినిపించేది. అందుకని ఈసారి పెళ్ళికి పోతూ గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. దారిలో ఏమీ తినను, అక్కడ అంటీ అంటనట్టు తింటాను, వచ్చేటప్పుడు పోయినప్పటికన్నా సన్నగా వస్తాను అని.

నాకు అప్పటికే షుగర్ ఉంది. రోజూ పొద్దున టిఫిన్‌కు ముందు ఒక మాత్ర. అందులో గ్లిమెపిరైడ్ ఉంటుంది. మాత్ర వేసుకున్నాక తినాలి అని డాక్టరమ్మ చెప్పింది. చెప్పింది కానీ ఎందుకో నేను అడగలేదు. ఆ రోజు పొద్దున బండి. మాత్ర వేసుకున్నాను, చక్కెర లేని టీ తాగాను, అంతే. ఇంట్లో కట్టిన రొట్టెలు మా ఆయన తిన్నాడు. కలబురగి దగ్గర బాగా ఆకలైంది. కాసేపటికి అదే చచ్చిపోయింది. గెలిచాను అనుకున్నాను చూడండి!

వాడి జంక్షన్ దాటాక చేతులు వణకడం మొదలైంది. ఫ్యాన్ కింద కూర్చున్నా జాకెట్టు తడిసిపోయింది. పెదవుల చుట్టూ తిమ్మిరి. మా ఆయన ఏదో అడిగాడు, నేను దానికి సంబంధం లేని జవాబు చెప్పానట. ఆయన గ్యాస్ అనుకుని సోడా కోసం లేచాడు. ఎదురుగా కూర్చున్న ఒక ముసలమ్మ, కన్నడం మాట్లాడే ఆమె, నా మొహం చూసి “షుగరా?” అని అడిగింది. ఆమె తమ్ముడికి ఇలాగే అయ్యేదట. టీ అమ్మే అబ్బాయిని ఆపి, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపించి నాతో తాగించింది. పావుగంటకు మనుషులు సరిగ్గా కనిపించారు. తాండూరు వచ్చేసరికి ఆమె తన మూటలోని రొట్టె సగం విరిచి నా చేతిలో పెట్టింది. ఆమె ఊరు కూడా నేను అడగలేదు.

దీన్ని షుగర్ డౌన్ కావడం అంటారు. షుగర్ మాత్రలన్నీ ఒకటి కాదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్ళకు ఇలా కావడం చాలా అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి, ఇన్సులిన్, ఇవి మనం తిన్నా తినకపోయినా రక్తంలో చక్కెరను దించుతూనే ఉంటాయి. కాబట్టి ఇవి వాడేవాళ్ళు ప్రయాణంలో ఉపవాసం చెయ్యకూడదు, పూట తప్పించకూడదు. కొంగుకు కట్టుకున్నా, పర్సులో వేసుకున్నా సరే, చక్కెర పొట్లమో గ్లూకోజో దగ్గర ఉండాలి. చెమట, వణుకు, గుండె దడ, మాట తడబడటం కనిపిస్తే మూడు చెంచాల చక్కెర, అంటే సుమారు 15 గ్రాములు తీసుకోవాలి. 15 నిమిషాలు ఆగి చూసి, తగ్గకపోతే మళ్ళీ అంతే. తగ్గాక ఏదైనా తినాలి. మనిషి స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఊరికి పోయే ముందు “నేను ఇన్ని రోజులు బయట ఉంటాను, భోజనం వేళలు తప్పుతాయి, మాత్ర ఎట్లా వేసుకోవాలి?” అని మీ డాక్టర్‌ను అడగండి. మాత్ర మనంతట మనం మానేయడం కూడా తప్పే. 2023లో అచ్చయిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. ఈ హాల్లో ఎంతమందిమి ఉన్నామో చేతులెత్తమని నేను అడగను.

మరి అంత జరిగాక బుద్ధి వచ్చిందా అంటే, రాలేదు. మనిషి మనసు విచిత్రం. “చక్కెర తాగాను, రొట్టె తిన్నాను, ఇక లెక్క తప్పింది, ఇప్పుడు ఇంకా గట్టిగా ఉండాలి” అనుకున్నాను. జూబ్లీ బస్టాండ్‌లో బస్సెక్కి సాయంత్రానికి సిరిసిల్ల చేరాం. మా పెద్దమ్మకు డెబ్బై దాటాయి. నేను వస్తున్నానని సర్వపిండి చేసి, గిన్నె మీద మూత పెట్టి, గుమ్మంలో కూర్చుంది. నేను “వద్దు పెద్దమ్మా, ఆకలి లేదు” అన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను. “నా చేతిది ఒక్క ముక్క తింటె లావైతవా బిడ్డా?” అని మూత పెట్టేసి లోపలికి పోయింది.

ఆ రాత్రి ఏం జరిగిందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను. అందరూ పడుకున్నాక నేను లేచి, వంటింట్లో చీకట్లో, సకినాల డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి నిలబడే తిన్నాను. ఎన్ని తిన్నానో లెక్క లేదు. పెద్దమ్మ చేతి ముక్క వద్దన్న మనిషిని, దొంగలాగ సకినాలు తిన్నాను. మర్నాడు కూడా అంతే. పగలు గొప్ప నిష్ఠ, రాత్రి డబ్బా. కడుపు మాడ్చుకుంటే రాత్రికి అది తన బాకీ వసూలు చేసుకుంటుంది. మీలో కొందరు నవ్వుతున్నారు. నవ్వేవాళ్ళకు ఈ డబ్బా సంగతి తెలుసు.

ఆరు రోజుల తర్వాత ఇంటికొచ్చాను. వచ్చిన మర్నాడే కాటా ఎక్కాను. పోయేటప్పుడు 68 కిలోలు. వచ్చాక 70 కిలోల 600 గ్రాములు. మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఇంక ఏ పెళ్ళికీ పోను అని మా ఆయనతో చెప్పేశాను. ఆయన భయపడి నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె నా రైలు సంగతి విని ముందు బాగా తిట్టింది. తర్వాత కాగితం తీసుకుని లెక్క వేసి చూపించింది. ఆ లెక్క నాకు బాగా పట్టింది, ఎందుకంటే మనం లెక్కల మీద బతికేవాళ్ళం.

ఒక కిలో కొవ్వు పెరగాలంటే మన అవసరానికి మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. నాకు పెరిగింది 2 కిలోల 600 గ్రాములు. అదంతా కొవ్వే అయితే 20 వేల కేలరీలు. ఆరు రోజుల్లో అంటే రోజుకు 3,300 పైన, అదీ మామూలు తిండి కాక. అంటే నా తిండి నేను తిని, ఇంకా నాలాంటి ఇద్దరి తిండి కూడా ఆరు రోజులూ నేనే తినాలి. “తిన్నావా?” అని అడిగింది. సకినాలు ఎన్ని తిన్నా అంత తినలేదు.

మరి ఆ బరువు ఏమిటి? చాలామటుకు నీళ్ళు. అన్నం, రొట్టె, తీపి తిన్నప్పుడు శరీరం కొంత పిండిపదార్థాన్ని కండరాల్లో, కాలేయంలో దాచుకుంటుంది. ఒక గ్రాము దాచుకుంటే దాంతో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్ళు పట్టుకుంటుంది. కడుపు మాడ్చుకున్నప్పుడు ఆ నిల్వ ఖాళీ అవుతుంది, తినగానే నిండుతుంది. అందుకే ఉపవాసం చేస్తే గబుక్కున తగ్గినట్టు, తింటే గబుక్కున పెరిగినట్టు కనిపిస్తుంది. రెండోది ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. పెళ్ళింట్లో పచ్చళ్ళు, అప్పడాలు, కారప్పూస, మాంసం కూరలు అన్నీ కలిస్తే అది ఎక్కడో దాటిపోతుంది. ఉప్పు ఎక్కడుంటే నీళ్ళు అక్కడ ఆగుతాయి. మూడోది, బస్సుల్లో రైళ్ళల్లో గంటలకొద్దీ కాళ్ళు వేలాడేసుకు కూర్చుంటే పాదాలకు నీరు దిగుతుంది. నాలుగోది చెప్పడానికి మొహమాటం, అయినా అందరం ఆడవాళ్ళమే కాబట్టి, వెనకున్న అన్నదమ్ములు చెవులు మూసుకోండి. కొత్త చోట, పదిమంది ఉన్న ఇంట్లో, ఒకే మరుగుదొడ్డి. మూడు రోజులు కడుపు కదలదు. అదీ కాటా మీద బరువే.

మనకు ఇది అర్థం కాకపోవడం ఏమిటి? నూలు కొనేవాళ్ళం కదా. పత్తి నూలు గాలిలోని తేమను పీల్చుకుంటుందని తెలియని సాలె ఇల్లు ఉందా? నూలు వ్యాపారంలో 8.5 శాతం తేమను లెక్కలో కట్టుకునే బరువు చూస్తారు. పట్టుకైతే 11 శాతం. వానాకాలంలో తడి గోడౌన్‌లోంచి తీసిన నూలును కాటా మీద పెట్టి ఎవడైనా “చూడు, ఎంత బరువుందో” అంటే మన పెద్దవాళ్ళు వెంటనే డబ్బు ఇస్తారా? “ఆరనీ, తర్వాత తూస్తం” అంటారు. మన ఒంటికి మాత్రం ఆ న్యాయం చెయ్యం. తడి నూలును తూచి ఏడుస్తాం.

నేను కాటాను బట్టల బీరువా మీద పెట్టించి, ఐదు రోజులు మామూలు తిండి తిని, పొద్దున సాయంత్రం నడిచాను. ఆరో రోజు తూచుకుంటే 68 కిలోల 400. అంటే నిజంగా పెరిగింది 400 గ్రాములో, ఇంకా తక్కువో. దాని కోసం నేను రైల్లో స్పృహ తప్పే దాకా పోయాను, పెద్దమ్మ మనసు నొప్పించాను.

కాటా మాట వచ్చింది కాబట్టి. మా చిన్నప్పుడు స్టేషన్లలో రంగు బల్బులు తిరిగే కాటాలు ఉండేవి. రూపాయి వేస్తే బరువుతో పాటు జాతకం కూడా వచ్చేది. బరువు ఎంతున్నా జాతకం మంచిగానే ఉండేది. ఇప్పటి కాటాలకు ఆ మర్యాద లేదు.

ఇంతవరకు విని “అయితే భయం లేదన్నమాట, లాగించేద్దాం” అనుకుంటున్నారేమో. ఆగండి. ఆ లెక్క అయ్యాక డాక్టరమ్మ ఇంకో ప్రశ్న వేసింది. “పదేళ్ళ కింద నీ బరువెంత?” 57. మరి ఈ 11 కిలోలు పెళ్ళిళ్ళలో పెరగలేదు కదా, ఎక్కడ పెరిగాయి? అప్పుడు ఆలోచించాను. పెళ్ళికి పోయేది ఏడాదికి రెండుసార్లు, మూడుసార్లు. ఎగ్జిబిషన్లకు పోయేది ఆరుసార్లు, ఒక్కొక్కటి 10 నుంచి 14 రోజులు. పెళ్ళికి పోయేటప్పుడు భయపడేదాన్ని. స్టాల్‌కు పోయేటప్పుడు భయమే లేదు, ఎందుకంటే అది పని. పనికి పోతే లావవుతామని ఎవరనుకుంటారు? నాకు భయమున్న చోట బరువు లేదు, బరువున్న చోట భయం లేదు.

స్టాల్ సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. పొద్దున పదింటికి స్టూల్ మీద కూర్చుంటే రాత్రి తొమ్మిదికి లేస్తాం. మధ్యాహ్నం గిరాకీ వస్తుందని సరిగ్గా తినం. నాలుగింటికి సమోసా, ఆరింటికి మిర్చి బజ్జీ, రాత్రి పదిన్నరకు హోటల్లో ఆయిలు తేలే కూర. టీలకైతే లెక్క లేదు. గిరాకీ వస్తే వాళ్ళకొకటి, మనకొకటి. పక్క స్టాల్ ఆయన తెప్పిస్తే ఒకటి. నాకు షుగర్ బయటపడక ముందు రోజుకు ఎనిమిది టీలు తాగేదాన్ని. ఒక్కో దాంట్లో రెండు చిన్న చెంచాలు లెక్క వేసుకున్నా 80 గ్రాముల చక్కెర, 320 కేలరీలు. 14 రోజులకు సుమారు 4,500. అరకిలో కొవ్వుకు అది చాలు, బజ్జీలు కలపకుండానే. ఏడాదికి అలాంటివి ఆరు. ఇది తడి కాదు, అసలు నూలు. ఎండబెడితే పోదు.

ఇంకొకటి కూడా ఉంది, అది ప్రయాణం కన్నా పాతది. మా నాన్న గుంట మగ్గం మీద నేసేవాడు. చేతులు, కాళ్ళు, నడుం, మెడ, కన్ను అన్నీ పనిలోనే ఉండేవి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కలో, కూర్చుని పనిచేసే మగవాళ్ళకు రోజుకు 2,110 కేలరీలు, ఓ మోస్తరు శ్రమ చేసేవాళ్ళకు 2,710. ఆడవాళ్ళకైతే 1,660, 2,130. మా నాన్న పని రెండో రకం. మా అన్న సాంచాలు నడిపాడు, నిలబడి తిరిగే పనే కానీ నాన్నంత కాదు. మేము దుకాణం, స్టాల్. మగవాళ్ళకు తేడా 600, అంటే సుమారు మూడు జొన్నరొట్టెలు. నాన్న పోయాడు, మగ్గం పోయింది, ఆయన కంచం మాత్రం మా దగ్గర ఉంది. దీంట్లో మన తప్పేమీ లేదు, బతుకు మారింది. కానీ మూడు రొట్టెల తేడా మన ఒంటి మీద ఉంది.

అందుకని నేను ఏం చేస్తున్నానో చెప్తాను. గొప్పగా ఏమీ లేదు.

స్టాల్‌లో టీలు మూడు. చక్కెర లేకుండా. గిరాకీకి తెప్పిస్తే నా చేతిలో నీళ్ళ గ్లాసు ఉంటుంది, ఎవరూ గమనించరు. గంటకొకసారి లేచి హాల్ ఒక చుట్టు తిరుగుతాను. మొదట్లో మా ఆయన “గిరాకీ పోతది” అనేవాడు. ఇప్పుడు పక్క స్టాళ్ళల్లో ఎవరు ఏం ధరకు అమ్ముతున్నారో నాకు తెలిసినంత ఆయనకు తెలియదు. మధ్యాహ్నం భోజనం ఒకటిన్నరకు, ఎవరు వచ్చినా సరే. మధ్యాహ్నం కడుపు నిండితే నాలుగింటికి సమోసా వాడి కేక అంత తియ్యగా వినిపించదు.

తిండికి మన షోలాపూర్‌వాళ్ళకు దేవుడిచ్చిన వరం కడక్ జొన్నరొట్టె. ఎండిన అప్పడంలాగ ఉంటుంది, రోజులకొద్దీ పాడు కాదు. ఇరవై రొట్టెలు డబ్బాలో పెట్టుకుంటాను. ఊళ్ళో పెరుగు, కీరకాయ, ఉల్లిగడ్డ, టమాటా ఎక్కడైనా దొరుకుతాయి. ఉడికించిన గుడ్లు దొరుకుతాయి. శేంగా చట్నీ కూడా తీసుకుపోతాను, కానీ అది మాత్రం చెంచాతో కొలిచి. వేరుశనగ మంచిదే, 100 గ్రాముల్లో 560 కేలరీల పైన ఉంటాయి, రొట్టె కన్నా చట్నీ ఎక్కువ తినే అలవాటు మనది. జొన్నరొట్టె అంటే షుగర్ పెరగదని కూడా అనుకోకండి, అది కూడా ధాన్యమే, రెండు చాలు. తమిళనాడు, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళకు రొట్టె అలవాటు లేకపోవచ్చు. మీ ఇంట్లో పాడు కాకుండా నిలిచేది ఏముందో మీకే తెలుసు, అది కట్టుకోండి.

నీళ్ళు. ఇది ఆడవాళ్ళకు చెప్పాల్సిన మాట. దారిలో మరుగుదొడ్డి ఉండదని పొద్దున్నుంచి నీళ్ళు తాగకుండా కూర్చుంటాం. నేనూ చేశాను. మూత్రంలో మంట, మలబద్ధకం, తలనొప్పి, వాటితో పాటు దాహాన్ని ఆకలి అనుకుని ఏదో ఒకటి నమలడం. మరుగుదొడ్డి అడగడానికి సిగ్గుపడకండి. పెట్రోలు బంకులో అడగండి, హోటల్లో అడగండి. ఎగ్జిబిషన్ పెట్టేవాళ్ళను స్టాల్ డబ్బు కట్టే ముందే అడగండి. కాళ్ళకు నీరు దిగితే లేచి నడవండి, పడుకున్నప్పుడు దిండు మీద పెట్టుకోండి. కానీ ఒక్క కాలే వాచి, నొప్పి, వేడి ఉంటే, లేదా ఊపిరాడకపోతే అది నీరు కాదు, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

బరువు చూసుకోవాలనుకుంటే ఊరికి పోయే ముందు ఒకసారి, వచ్చిన వారానికి ఒకసారి. ఒకే కాటా, పొద్దున, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు. కాటా కన్నా మంచిది మన ఇంట్లోనే ఉంది, టేపు. పక్కటెముక కింది అంచుకు, తుంటి ఎముకకు మధ్యలో నడుం చుట్టూ పెట్టి చూడండి. ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 దాటితే జాగ్రత్త పడాలని మన దేశపు డాక్టర్ల లెక్క. నాది 88. దాచుకోవడం ఎందుకు? 93 నుంచి వచ్చింది, రెండేళ్ళు పట్టింది.

మగవాళ్ళ సంగతి నేను ఎక్కువ చెప్పను. సూరత్, ఇచల్‌కరంజి సరుకుకు పోయి రాత్రిళ్ళు లాడ్జిలో ఏం నడుస్తుందో వాళ్ళకే తెలుసు. మందు గ్లాసుకూ కేలరీలు ఉంటాయి, పక్కన పెట్టుకునే వేపుడుకూ ఉంటాయి. షుగర్ మాత్ర వేసుకుని తాగి, తినకుండా పడుకుంటే నాకు రైల్లో అయినట్టే రాత్రి నిద్రలో అవుతుంది. అప్పుడు చక్కెర కలిపిచ్చే ముసలమ్మ గదిలో ఉండదు.

పెళ్ళి భోజనం గురించి చాలామంది అడుగుతారు. మన దగ్గర చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డిస్తారు. కాబట్టి వద్దనడం కన్నా వేరేది అడగడం మేలు. “అన్నం ఆపు తమ్ముడూ, ఆ కూర ఇంకొంచెం వెయ్యి” అంటే వడ్డించేవాడికీ తృప్తి, నాకూ తృప్తి. ముందు పప్పు, కూరలు, మాంసం తిని తర్వాత అన్నానికి వస్తాను. తీపి ఒకటి తింటాను, నచ్చింది, కూర్చుని, పగలు, అందరి ముందు. అందరి ముందు తిన్నాక రాత్రి డబ్బా దగ్గరికి పోవాల్సిన అవసరం పడలేదు.

ఇప్పుడు పెళ్ళిళ్ళు చేసేవాళ్ళకు, గుమ్మంలో ఎదురొచ్చేవాళ్ళకు ఒక్క మనవి. ఏడాదికోసారి కనిపించే మనిషిని చూడగానే “లావయినవ్”, “చిక్కినవ్” తప్ప మనకు వేరే మాట లేదా? ప్రేమతోనే అంటాం, నాకు తెలుసు. నేనూ ఎంతమందిని అన్నానో. కానీ ఆ మాట ఎవరి మీద ఎట్లా పడుతుందో మనకు కనిపించదు. మా దగ్గరి బంధువుల అమ్మాయి ఒకతె, చదువుకునే పిల్ల. వాళ్ళ అమ్మ చెప్పమంటేనే చెప్తున్నాను, ఊరు పేరు చెప్పను. ఒక పెళ్ళిలో నలుగురు నవ్వుతూ అన్న మాటతో ఊళ్ళు మానేసింది. తర్వాత అన్నం మానేసింది. అందరితో తిని బాత్రూంలోకి పోయి కక్కేది. నెలసరి ఆగిపోయింది. తల్లి పీసీఓడీ అనుకుని ఆరు నెలలు తిప్పింది. అది ఒంటి జబ్బు కాదు, భయమే జబ్బు అయింది. దానికి వైద్యం ఉంది, ఆ పిల్ల ఇప్పుడు కోలుకుంటోంది. మీ ఇంట్లో ఆడపిల్లో, మగపిల్లాడో దాచుకుని తినడం, తిన్నాక కక్కడం, రోజుకు పదిసార్లు కాటా ఎక్కడం, ఊరంటే ఏడవడం కనిపిస్తే తిట్టకండి, డాక్టర్‌కు చూపించండి. ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే 14416 అని ప్రభుత్వ టెలి మానస్ నంబరు ఉంది. 2022లో పెట్టారు, డబ్బు కట్టక్కర్లేదు. తెలుగులో మాట్లాడొచ్చు, మరాఠీ, తమిళం, కన్నడం, ఒడియా వచ్చినవాళ్ళు ఆ భాషల్లో మాట్లాడొచ్చు.

గంట కొట్టారు, ముగిస్తాను. పెద్దమ్మ సంగతి అడుగుతారని తెలుసు. ఆ తర్వాత నేను ఫోన్ చేసి రైలు సంగతి, రాత్రి సకినాల సంగతి అంతా చెప్పాను. సకినాల సంగతి ఆమెకు అప్పుడే తెలుసట, డబ్బా తగ్గింది కదా. ఎవరితో అనలేదు. పోయిన ఏడాది నుంచి నేను వస్తున్నానంటే ముందే ఫోన్ చేసి “తింటవా, ఎంత తింటవు?” అని అడుగుతుంది. “సగం తింట పెద్దమ్మా, మిగతా సగం నువ్వు తిను” అంటాను. వచ్చే నెల మళ్ళీ సిరిసిల్ల పోతున్నాను. నా కోసమని చిన్న గిన్నె కొన్నదట, సర్వపిండి అందులోనే ఒత్తుతదట.